వాగ్దానం కార్డు ఒక చేతిలో, ప్రామిసరీ నోటు ఇంకో చేతిలో



డిసెంబరు సగం దాటిందంటే నన్ను అందరూ అడిగే మాట ఒకటే. "అయ్యగారూ, వాగ్దానం కార్డులు తెప్పిచ్చినారా?" వాక్యం ఏ భాగం నుండి, ప్రభురాత్రి భోజనం ఉందా లేదా, ఇవన్నీ తర్వాత. 31వ తేదీ రాత్రి చలిలో పిల్లల్ని దుప్పట్లో చుట్టుకొని వచ్చేది, నిద్ర ఆపుకొని కూర్చునేది చాలామంది ఆ కార్డు కోసమే. పన్నెండు కాగానే వరుస కడతారు. కళ్ళు మూసుకొని పళ్ళెంలో చెయ్యి పెట్టి ఒకటి తీస్తారు. మంచిది వస్తే కళ్ళకద్దుకుంటారు. మనసుకు పట్టకపోతే పిల్లవాడి చేత ఇంకొకటి తీయిస్తారు. ఆ తర్వాత అది బైబిలు అట్టలోకో, టీవీ పక్కకో, వాట్సాప్ స్టేటస్‌లోకో చేరుతుంది. జనవరి రెండో వారంలో అందులో ఏముందని అడిగితే సగంమందికి గుర్తుండదు.

ఈ ఏడు ఆ కార్డుల మీద గట్టిగానే మాట్లాడదలచుకున్నాను. కొత్త సంవత్సరం మొదటి నిమిషంలో దేవుని దగ్గర మనం ఒక మాట పుచ్చుకుంటున్నాం. ఆయనకు మనం ఇచ్చే మాట ఏది? బైబిల్లో నిబంధన ఎక్కడ చూసినా ఇద్దరి మధ్య ఉంటుంది. మనం దాన్ని లాటరీ టికెట్టు చేసుకున్నాం.

కార్డులు అచ్చువేసే వాళ్ళ తెలివి చూడండి. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. మొదటి 14 దీవెనలు. మిగిలిన 54 మాట వినకపోతే ఏమవుతుందో చెప్పేవి. మనల్ని తలగా నియమిస్తాడు గానీ తోకగా కాదనే 13వ వచనం ప్రతి పళ్ళెంలోనూ ఉంటుంది. ఆజ్ఞలు విని వాటి ప్రకారం నడుచుకుంటేనే అనే షరతు కూడా అదే వచనంలో ఉంది. కార్డు మీద ఆ సగం ఉండదు, చోటు చాలలేదేమో! క్రీస్తుయేసులో భక్తితో బతకాలనుకునే వాళ్ళందరికీ హింస వస్తుందని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక 3:12లో ఉంది. అదీ వాగ్దానమే. దాన్ని గులాబీ పువ్వు బొమ్మ పక్కన అచ్చువేసిన కార్డు ఇంతవరకు నా చేతికి రాలేదు.

అన్నిటికన్నా ఎక్కువ కనబడేది యిర్మీయా 29:11. దేవుడు మన గురించి తలంచేవి మేలుకే గానీ కీడుకు కాదన్న మాట. దేవుని ఉద్దేశం అనగానే మనవాళ్ళ నోటికి ముందు వచ్చేది ఇదే. ఆ ఉద్దేశం అంటే ఉద్యోగం, వీసా, మంచి సంబంధం, డాబా ఇల్లు అని మనమే అర్థం రాసుకున్నాం.

ఆ వచనం ఒక ఉత్తరంలోది. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుండి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. దాని ముందు అధ్యాయం కూడా చదవాలి. హనన్యా అనే ప్రవక్త దేవుని మందిరంలో, యాజకుల ముందు, జనమందరి ముందు లేచి, రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, పోయిందంతా తిరిగి వస్తుంది అన్నాడు. అసలైన వాగ్దానం కార్డు అది. వినేవాళ్ళకు ఎంత హాయిగా ఉండి ఉంటుంది! యిర్మీయా చెప్పింది 70 ఏళ్ళు. రెండేళ్ళని చెప్పిన ప్రవక్త ఆ సంవత్సరమే చనిపోయాడు. 70 ఏళ్ళని చెప్పిన ప్రవక్త ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో 11వ వచనం కంటే ముందు 5, 6, 7 వచనాలున్నాయి. ఇళ్ళు కట్టుకోవాలి, తోటలు నాటాలి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయాలి, తమను చెరలో ఉంచిన ఆ పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థన చేయాలి. 70 ఏళ్ళంటే ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో తిరిగి వచ్చే వాళ్ళు ఎవరూ ఉండరు. వాళ్ళ మట్టుకు దేవుని ఉద్దేశం తిరుగు ప్రయాణం కాదు, పరాయి మట్టిలో చెట్టు నాటడం. చీనీ తోట పెట్టిన రైతుకు ఇది విడమరిచి చెప్పే పని లేదు. నాలుగైదేళ్ళు నీళ్ళు పోస్తే గానీ కాపు కంటబడదు.

ఊరి క్షేమం అన్నాను కాబట్టి ఒక మాట. మన వేముల మండలంలో ముగ్గురాయి గనులున్నాయి. తుమ్మలపల్లెలో యురేనియం గని, దాన్ని శుద్ధి చేసే కర్మాగారం ఉన్నాయి. ఆ వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళు పాడైనాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్ళ తరబడి మొర పెట్టుకుంటున్నారు. ఊరి క్షేమం కోసం ప్రార్థించమన్న ఉత్తరంలో నుంచి ఒక్క వచనం కత్తిరించి గోడకు తగిలించుకున్న మనం, ఆ రైతుల పక్కన ఎన్నిసార్లు నిలబడ్డాం? ఆ ఊళ్ళ పేర్లు మన ఆదివారం ప్రార్థనలో ఎన్నిసార్లు వచ్చాయి?

"కార్డు తీస్తే ఏం తప్పుండాది అయ్యగారూ, అందులో ఉండేది దేవుని వాక్యమే కదా" అంటారు. వాక్యాన్ని నేను కాదనను. 1728లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్ళో మొరేవియన్ విశ్వాసులు రోజుకొక వాక్యం పెట్టుకోవడం మొదలుపెట్టారు. 1731 నుండి దాన్ని పుస్తకంగా అచ్చువేస్తూ వస్తున్నారు, ఆ వచనాలు ఇప్పటికీ చీటీ తీసే ఎంచుతారు. అయితే మొదట్లో ఆ వాక్యాన్ని సహోదరులు ఇంటింటికీ మోసుకెళ్ళి చెప్పేవాళ్ళు, చెప్పి ఆ ఇంట్లో వాళ్ళ మంచిచెడ్డలు కనుక్కొని వచ్చేవాళ్ళు. చీటీ వాళ్ళను పక్కింటి గడప ఎక్కించింది. మన చీటీ మనల్ని మన జేబు దాకా తెచ్చి ఆగిపోతోంది.

31వ తేదీ రాత్రి మేలుకొని ఆరాధించడం వెనక కూడా ఇలాంటి సంగతే ఉంది. ఇంగ్లండులో జాన్ వెస్లీ రోజుల్లో కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీలు శనివారం రాత్రుళ్ళు సారా అంగళ్ళలో గడిపేవాళ్ళు. ప్రభువును తెలుసుకున్నాక అదే రాత్రి, అదే మనుషులు, కూడి ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు. వెస్లీ దాన్ని చూసి మిగతా చోట్ల కూడా పెట్టించాడు. అంటే ఆ రాత్రి ఆరాధన పుట్టిందే గని కూలీలు ఒక అలవాటు మానుకొని దాని స్థానంలో ఇంకొకటి పెట్టుకున్నందుకు. 1755 ఆగస్టులో లండన్లో వెస్లీ జనం చేత నిబంధన ఆరాధన చేయించాడు, తర్వాత మెథడిస్టులు దాన్ని ప్రతి కొత్త సంవత్సరానికీ చేసుకుంటూ వచ్చారు. అక్కడ పళ్ళెం లేదు. జనం లేచి నిలబడి దేవునికి మాట ఇచ్చారు.

ఇంతకీ మాట ఇవ్వడం అంటే ఏంటి? నెహెమ్యా 8, 9, 10 అధ్యాయాలు ఈ వారం ఇంట్లో చదవండి. ఏడవ నెల మొదటి రోజున ఎజ్రా ధర్మశాస్త్రం చదివాడు. యూదులకు ఇప్పటికీ అది కొత్త సంవత్సరం రోజు. అదే నెల 24న జనం ఉపవాసంతో కూడారు, తమ పాపాలు ఒప్పుకున్నారు, ఒక ఒడంబడిక రాసి ముద్రలు వేశారు. 10వ అధ్యాయం మొదటి 27 వచనాలు ఉత్త పేర్లు, 84 పేర్లు. మనం చదవకుండా దాటేసేవి అవే. కానీ మొదటి పేరు ఎవరిదో చూడండి, అధికారియైన నెహెమ్యాది. తర్వాత యాజకులు, తర్వాత లేవీయులు, తర్వాత జనంలో పెద్దలు. సంఘంలో పెద్దరికం ఉన్నవాళ్ళు ముందు చేవ్రాలు పెట్టారు, మిగతావాళ్ళు వెనక నడిచారు. మన దగ్గర ఇది తలకిందులు. పెద్దలు కుర్చీల్లో కూర్చుంటారు, తీర్మానాలు యవ్వనస్థుల చేత చేయిస్తారు.

ఇక వాళ్ళు ఒప్పుకున్న సంగతులు. విశ్రాంతి దినాన సరుకు కొనం. ఏడవ ఏట అప్పు వసూలు చేయం. మందిరం సేవకు ఏటా తులంలో మూడో వంతు ఇస్తాం. బలిపీఠానికి కట్టెలు ఏ ఇంటివాళ్ళు ఎప్పుడు తేవాలో చీట్లు వేసి నిర్ణయించుకున్నాం. కట్టెలు! పరిశుద్ధ గ్రంథంలో కట్టెల వంతు రాసి పెట్టారు. "ఇంకా ఎక్కువగా ప్రభువుకు దగ్గరగా ఉంటాం" అని వాళ్ళు రాయలేదు. చీట్లు వాళ్ళూ వేశారు, మనమూ తీస్తున్నాం. వాళ్ళ చీటీలో పని ఉంది.

మన తీర్మానాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. "ఈ సంవత్సరం బాగా ప్రార్థన చేస్తాను." బాగా అంటే ఎంత? "బైబిలు మొత్తం చదువుతాను." 1,189 అధ్యాయాలు, రోజుకు మూడుకు పైగా. ఆదికాండం జనవరిలో సాఫీగానే పోతుంది, నిర్గమకాండంలో గుడారపు కొలతల దగ్గర బండి నెమ్మదిస్తుంది, లేవీయకాండంలో ఆగిపోతుంది. చదవొద్దని కాదు. చదివింది ఎవరి ఇంటి ముందు నిలబడాలో మనకు చెప్పకపోతే 1,189 అధ్యాయాలూ చదివి ఏం చేసుకుంటాం?

ఎవరి ఇంటి ముందు? అప్పు తీసుకున్నవాడి ఇంటి ముందు. ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన సంఘాల్లో ఎవరూ పులిపీఠం మీద నుంచి మాట్లాడని పాపం ఇది. తాగుడు గురించి మాట్లాడతాం, సినిమాల గురించి మాట్లాడతాం. వడ్డీ గురించి మాట్లాడం. మాట్లాడితే జనవరి కానుక తగ్గుతుందేమో అని ఒకాయన నాతో అన్నారు. తగ్గనీ.

నెహెమ్యా 5లో కరువు. జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువపెట్టి ధాన్యం తెచ్చుకున్నారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశారు. చివరికి కొడుకుల్ని, కూతుళ్ళను దాస్యానికి ఇచ్చారు. అప్పిచ్చింది పరదేశులు కాదు, స్వంత సహోదరులే. నెహెమ్యా పెద్దల్ని పిలిపించి, పొలాలతో పాటు వడ్డీ కూడా తిరిగి ఇచ్చేయమన్నాడు. ఆ వడ్డీ ఎంత? 11వ వచనం చూడండి, నూరవ భాగం. నెలకు నూటికి ఒకటి అని చాలామంది పండితులు చెబుతారు. మన ఊరి లెక్కలో చెప్పాలంటే రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీకే దైవజనుడు అంత మండిపడి, బట్ట దులిపి, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలాగే దులిపేస్తాడని అన్నాడు. మన దగ్గర రెండు రూపాయలంటే ధర్మవడ్డీ, మూడంటే మామూలు. ఇక ఆసుపత్రి ఖర్చుకు రాత్రికి రాత్రి అడిగితే ఎంతయినా సరే. మూడేళ్ళు నిండే ముందు నోటు తిరగరాయించేటప్పుడు వడ్డీని అసలులో కలిపేసేది, కట్టిన డబ్బుకు నోటు వెనక చెల్లు రాయకుండా వాయిదా వేసేది, ఇవన్నీ అవిశ్వాసులు చేసేవి మాత్రమేనా? నోటు మీద సంతకం పెట్టించుకున్న చేత్తోనే అర్ధరాత్రి పళ్ళెంలో వాగ్దానం తీస్తున్నాం. దేవుడు మనకిచ్చిన మాట నిలబెట్టుకోవాలి, తోటి విశ్వాసి మనకిచ్చిన మాట వడ్డీతో సహా నిలబెట్టుకోవాలి. మన వంతు మాత్రం ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా చూడండి. ఆ అధ్యాయంలో నెహెమ్యా తాను కూడా, తన బంధువులూ దాసులూ కూడా అప్పులిచ్చామని చెప్పి, ఈ వడ్డీ వదిలేద్దాం రండి అంటాడు. వేలు చూపించి పక్కన నిలబడలేదు.

10వ అధ్యాయం 30వ వచనంలో దేశపు జనులకు పిల్లనివ్వం, వాళ్ళ పిల్లను తెచ్చుకోం అనే మాట ఉంది. దీన్ని పట్టుకొని మన కులంలోనే చేసుకోవాలని వాదించేవాళ్ళను నేను చూశాను. అది దేవుళ్ళ సంగతి, కులాల సంగతి కాదు. మోయాబీయురాలైన రూతు ఆ దేవుణ్ణి తన దేవునిగా చేసుకుంది, దావీదు ఆమె మునిమనవడు. సంబంధం చూసేటప్పుడు "దేవుని చిత్తం అయ్యగారూ" అంటారు, ఆ వెంటనే అవతలివాళ్ళు మాలలా మాదిగలా అని అడుగుతారు. ఏ చర్చి గుమ్మం మీదా కులం పేరు రాసి ఉండదు, కానీ ఏ చర్చి ఎవరిదో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎఫెసీ 2:14లో పడగొట్టిన గోడ మన దగ్గర సమాధుల మధ్య కూడా నిలిచే ఉంది.

మన తాతముత్తాతలకు పళ్ళెంలో కార్డులు లేవు. మన జిల్లాలో లండన్ మిషన్ పని 1822లో కడపలో మొదలైంది. తూర్పున ఒంగోలు సీమ బాప్టిస్టులది. మిషన్లు వేరైనా సువార్త విని ముందుకు వచ్చిన పేటలు ఒకే రకం పేటలు. ఒంగోలులో ఈ రోజుకూ ప్రార్థన కొండ అని చూపిస్తారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ మీద ఐదుగురు మోకరించారు. నెల్లూరు నుండి వచ్చిన జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు. అప్పటికే ఆ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చలు జరిగాయి. కింద కనబడుతున్న ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని వాళ్ళు అడిగారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్ళు! 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు ఉన్నది ఎనిమిది మంది. వాళ్ళు కొత్త సంవత్సరం నాడు తమ కోసం ఏమీ తీసుకుపోలేదు, వేరే ఊరి కోసం అడిగి పన్నెండేళ్ళు కనిపెట్టుకున్నారు.

ఆ సీమలో ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన ముందు నమ్మినవాళ్ళలో ఒకరు. ఎర్రగుంట్ల అనేది ఇంటిపేరే, మన ఎర్రగుంట్ల కాదు. మాదిగ బిడ్డ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఆయన వెంట వచ్చిన వాళ్ళు ఒప్పుకున్న నియమాలు మూడు. ఆదివారం పని చేయం. చచ్చిన గొడ్డు మాంసం తినం. విగ్రహాలకు మొక్కం. ఇప్పుడు వింటే చిన్నవిగా కనబడతాయి. ఆ రోజుల్లో ఊళ్ళో గొడ్డు చస్తే అదే మాదిగ పేటకు తిండి, అదే వాళ్ళ హక్కు. కరువు రోజుల్లో దాన్ని వద్దనడం అంటే పిల్లల ముందు కుండ బోర్లించడం. ఆదివారం పనికి రానంటే రైతు ఊరుకోడు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. దేవుని ఉద్దేశం ఏమిటని వాళ్ళు వెతకలేదు. తెలిసిన మూడింటిని పట్టుకొని, వాటికి అయ్యే ఖర్చు భరించారు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని ఇచ్చాడు. గంజి కోసం బాప్తిస్మం తీసుకున్నారనే మాట రాకూడదని ఆ పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, ఒక్క రోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మనుమలం మనం. మనకు ఈ రోజు ఆదివారం రెండు గంటలు ఖాళీ చేసుకోవడం బరువు.

ఇక్కడ ఒక మాట అడగబోతారని తెలుసు. కృప కింద ఉన్నాం కదా, ఒట్లు, ఒడంబడికలు ఎందుకని. ఎఫెసీ 2:8, 9 దగ్గర ఆగిపోకుండా 10 కూడా చదవండి. కృప చేత రక్షించబడినవాళ్ళు నడవాలని దేవుడు ముందే సిద్ధపరచిన మంచి పనులున్నాయట. ఆయన ఉద్దేశం అక్కడ ఉంది. పళ్ళెంలో దాచిపెట్టలేదు.

మాట ఇస్తే తప్పుతామేమో అనే భయం మాత్రం న్యాయమైనది. ప్రసంగి 5వ అధ్యాయం కూడా, మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలు అంటుంది. నెహెమ్యా జనం కూడా తప్పారు. 13వ అధ్యాయంలో ఆయన తిరిగి వచ్చి చూస్తే లేవీయులు జీతం లేక పొలాలకు వెళ్ళిపోయి ఉన్నారు, తూరు వాళ్ళు విశ్రాంతి దినాన చేపలు అమ్ముతున్నారు, పెళ్ళిళ్ళ సంగతి మళ్ళీ మొదటికి వచ్చింది. ముద్ర వేసిన మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి. ఆయన ఏం చేశాడు? కొత్త కార్డులు పంచలేదు. పాత కాగితం తీసి, ఒక్కో షరతు దగ్గర నిలబడి అడిగాడు. అడిగేవాడు ఉన్నాడు గనుక సరిచేసుకోవడం అయింది. పేతురు రాత్రిపూట చేసిన తీర్మానం కోడి కూసేలోగా ఏమయిందో మనకు తెలుసు. తర్వాత సముద్రతీరాన ప్రభువు అతని చేత ఇంకో ఒట్టు వేయించుకోలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, గొర్రెల్ని అప్పగించాడు. పని అప్పగించాడు.

కనుక ఈ 31వ తేదీన మన మందిరంలో కార్డులు ఉండవు. నేను తెప్పించలేదు. మీలో ఎవరైనా ప్రేమకొద్దీ పులివెందుల నుంచో ప్రొద్దుటూరు నుంచో కొనుక్కొచ్చి పళ్ళెంలో పోయొద్దు. ప్రతి ఇంటికీ ఒక తెల్ల కాగితం ఇస్తాం. దాని మీద ఒక్క సంగతి రాయండి. అందులో ఒక మనిషి పేరో, ఒక తారీకో, ఒక మొత్తమో ఉండాలి. "ప్రేమగా ఉంటాను" అని రాస్తే తిరిగి ఇచ్చేస్తాను. మాటల్లేని అన్న ఇంటికి ఏ రోజు వెళతారో రాయండి. తోటలో కూలికి వచ్చే అక్కలకు ఎంత పెంచుతారో రాయండి. కట్నం అడగం అని రాసేవాళ్ళు కొడుకు పేరు కూడా రాయాలి. చదువు రానివాళ్ళకు మన సండేస్కూలు పిల్లలు రాసిపెడతారు, బయట చెప్పరు. ముందు నాది చదువుతాను, తర్వాత సంఘ పెద్దలు ఒక్కొక్కరు లేచి తమది చదువుతారు, ఆ తర్వాతే మిగతావాళ్ళు. మిగతావాళ్ళు పైకి చదవాలన్న నియమం లేదు. ఒక నకలు మీ దగ్గర, ఒకటి మీరు నమ్మే ఇంకో విశ్వాసి దగ్గర. నెలకోసారి, మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ మనిషి మిమ్మల్ని అడుగుతాడు. కోపగించుకోవద్దు. కువైట్‌లో ఉన్న అక్కలు, అన్నలు మీ కాగితం ఫొటో తీసి ఇంట్లో ఎవరికి పంపాలో మీరే ఎంచుకోండి, నాకు పంపవద్దు.

ఆరాధన రాత్రి తొమ్మిదిన్నరకు. పెన్ను తెచ్చుకోండి. నోటు వదిలేద్దామని మనసులో ఉన్నవాళ్ళు అసలు నోటు తీసుకురండి, జిరాక్సు కాదు. అప్పు తీసుకున్న ఇంటివాళ్ళు కూడా ఆ రాత్రి అక్కడే ఉంటారు కదా.